కాటా గది కేసు

జులై 18, మంగళవారం. నర్సీపట్నం, డివిజన్ ఆఫీసు మేడమీద చిన్న సమావేశపు గది. బయట వాన.

హాజరైనవారు: వసుంధర గారు, కమిటీ అధ్యక్షురాలు, కాలేజీ ప్రిన్సిపాల్‌గా రిటైరైన మనిషి. హారిక, సభ్యురాలు, న్యాయవాది, మా అందరిలో చిన్నది. నేను, సహాయ కార్మిక అధికారిని. రత్నం, ఫిర్యాదుదారు, జీడిపిక్కలు కొట్టే కార్మికురాలు. సత్తిబాబు, కాటా మేస్త్రి, ఫిర్యాదు అతని మీదే. కార్ఖానా ఓనరు.

పిలవకుండా వచ్చినవారు: అదే కార్ఖానాలో పనిచేసే ఆడవాళ్లందరూ. కింద సైకిల్ స్టాండు రేకుల కింద నిలబడ్డారు.

ఆ రోజు నా డైరీలో రాసుకున్న జాబితా ఇది. ఇప్పుడు పేర్లు మాత్రం మార్చాను. మార్చమని చట్టం చెబుతుంది, చెప్పకపోయినా మార్చేదాన్ని.

ఈ కేసు గురించి రాయాలని ఇన్నాళ్లకు ఎందుకు బుద్ధి పుట్టిందంటే, పోయిన నెల న్యాయశాస్త్రం చదువుతున్న అమ్మాయిలు కొందరు మా ఇంటికి వచ్చారు. ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను నోరు విప్పేలోపే వాళ్లలో వాళ్లకి వాదన మొదలైంది. శిక్ష పడకపోతే న్యాయం ఎక్కడిది అని ఒక అమ్మాయి. మగవాణ్ణి లోపల వేయించడమే స్త్రీవాదమైతే మన సీఐ గారే పెద్ద స్త్రీవాది అని ఇంకో అమ్మాయి. ఆడవాళ్లని కాపాడే చట్టాలన్నీ చివరికి వాళ్లని ఇంట్లో కూర్చోబెడుతున్నాయి, గమనించారా అని మూడో అమ్మాయి. టీ చల్లారిపోయింది. నాకు మాత్రం పాతికేళ్ల వయసు తిరిగి వచ్చినట్టయింది. మేం పనిచేసిన రోజుల్లో ఈ మాటలు లేవు కానీ ఈ పేచీలన్నీ ఉన్నాయి. ఇప్పుడు వీటిని పేరు పెట్టి పిలిచి, ఎదురెదురుగా కూర్చుని పోట్లాడుకునే పిల్లలు వచ్చారు. అంతకంటే ఏం కావాలి. వాళ్ల పోట్లాటలోకి నా వంతుగా ఈ కేసు ఇస్తున్నాను.

తనిఖీ అంటే ఏమిటి

ఈ ఉద్యోగంలో చేరేవాళ్లకి రిజిస్టర్లు చూడటం నేర్పుతారు. మంచిదే. కానీ నా మొదటి అధికారి, పెద్దాయన, జీపులో వెళ్తూ ఇంకోటి నేర్పారు. "అమ్మా, పుస్తకాలు తర్వాత. ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో అడుగు. ఓనరు వేలు చూపిస్తే ఉంది. నవ్వాడంటే లేదు." నా సర్వీసంతా నవ్వులే ఎక్కువ చూశాను.

తర్వాత వచ్చిన అధికారి అంత గొప్పవాడు కాదు. ఆయనకి ఫైలు మూయడమే పని. ఎవరైనా ఆడమనిషి మేస్త్రి మీద చెప్పుకోవడానికి వస్తే తలెత్తకుండా అడిగేవాడు: "కూలి సంగతా, ఒంటి సంగతా? కూలైతే కూర్చో. ఒళ్లైతే పోలీసు స్టేషన్‌కి పో." చాలామంది నిలబడే వెనక్కి తిరిగి వెళ్లిపోయేవారు. ఆయన బదిలీ అయిపోయినా ఆ ప్రశ్న మాత్రం ఊళ్లలో మిగిలిపోయింది. మా ఆఫీసుకి వెళ్తే అలా అడుగుతారని ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకునేవారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మా శాఖ పనిలో అంతకంటే పనికిమాలిన ప్రశ్న లేదు. కూలి ఎవడి చేతిలో ఉందో ఒంటి మీద చెయ్యి వేసే ధైర్యం వాడికే వస్తుంది. ఈ రెండింటికీ రెండు ఆఫీసులు పెట్టి మధ్యలో మనిషిని తిప్పడం మనం చేసిన పని.

కాటా గది

రావికమతం వెళ్లే దారిలో ఉండేది ఆ కార్ఖానా. పుస్తకం ప్రకారం అందులో పదిమందికి తక్కువ. లోపలికి వెళ్తే కాలు పెట్టే చోటు లేదు. పదిమంది ఉంటే కార్ఖానాలోనే లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ పెట్టాలి, ఇంకా కొన్ని చట్టాలు వెంట వస్తాయి. అందుకని పుస్తకంలో మనుషులు పెరగరు. అలాంటి చోట్ల నుంచి వచ్చే ఫిర్యాదులు వినడానికి జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. మేం కూర్చున్నది అందులోనే.

పని ఇలా ఉండేది. పొద్దున్న వేయించిన పిక్కలు ముంగిట్లో తూచి ఇస్తారు. ఆడవాళ్లు వరసగా పీటల మీద కూర్చుని కర్రతో కొట్టి పప్పు తీస్తారు. పిక్క రసం చర్మాన్ని కాల్చేస్తుంది కాబట్టి చేతులకి బూడిద రాసుకుంటారు. సాయంత్రం పప్పు తూచేది మాత్రం ముంగిట్లో కాదు, స్టోరు గదిలో. తేమ తగులుతుందని తలుపు మూస్తారు. ఒక్కొక్కరే గంప పట్టుకుని లోపలికి వెళ్లాలి. విరగని గుండు ఎంత, రెండుగా చీలిన బద్ద ఎంత, ముక్క ఎంత అని తేల్చేది సత్తిబాబు. గుండుకి ఒక రేటు, ముక్కకి ఒక రేటు. అతను తలుచుకుంటే గుండు ముక్క అయిపోతుంది.

ముందు వెళ్లినవాళ్లకి అంత భయం లేదు, తలుపు అవతల వరస ఉంటుంది. చివరి మనిషి లోపలికి వెళ్లేసరికి మిగతావాళ్లు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ ఉంటారు. అందుకని ఆడవాళ్లు తమలో తాము ఒక ఏర్పాటు చేసుకున్నారు. చివరి గంప ఎప్పుడూ ఎస్తేరమ్మది. ఆవిడ అందరిలో పెద్ద. చర్చిలో పాట ఎత్తుకునే గొంతు. గుమ్మంలోనే నిలబడి, "ఒరే సత్తీ, మోకాళ్లు పీకేస్తన్నాయి, బేగి తూయరా" అని కేకేసేది. కొత్తగా చేరిన పిల్లకి మొదటిరోజు రెండే నేర్పేవారు: చేతికి బూడిద ఎలా రాయాలో, వరసలో ఎక్కడ నిలబడాలో.

ఈ సంగతి నాకు తెలిసిన రోజు డైరీలో ఒక పేజీ నిండా రాశాను. ఎవరూ చెప్పకుండా, ఏ జీవోలోనూ లేకుండా, వాళ్లే చేసుకున్న చట్టం. అయినా ఆ ఏర్పాటుని మెచ్చుకుని ఊరుకోకూడదు. ఒక పెద్దావిడ కావలి కాస్తే నడిచే న్యాయం, ఆవిడ రాని రోజున ఆగిపోతుంది.

ఆగింది. ఎస్తేరమ్మ కూతురి పురుడుకి పాయకరావుపేట వెళ్లింది. ఆ సాయంత్రం వరసలో చివర మిగిలింది కొత్త పిల్ల. రత్నం ఆ పిల్లని ముందుకి నెట్టి తను చివర నిలబడింది. సత్తిబాబు తలుపు మూసి, "ఈయాల మీ ఎస్తేరప్ప నేదుగా" అని నడుం మీద చెయ్యి వేశాడు. రత్నం గంప అతని మొహాన కొట్టి బయటికి వచ్చింది. అతను ఆ గంపంతా ముక్క కింద రాశాడు.

మర్నాడు నా బల్ల ముందు నిలబడి ఆమె అన్న మొదటి మాట: "కూలి సంగతా, ఒంటి సంగతా అని అడుగుతారంట కదండీ. రెండూనండి."

సెలవు

విచారణ తేలేదాకా ఫిర్యాదుదారుకి సెలవు ఇప్పించే అధికారం కమిటీకి ఉంది. వసుంధర గారు వెంటనే ఇప్పించారు. "అదే గదిలోకి మళ్లీ ఎలా పంపుతాం?" అన్నారు. ఎవరం కాదనలేదు.

పది రోజులు తిరక్కుండానే రత్నం ఆఫీసుకి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తప్పు సేసినోడు పన్లోకెల్తన్నాడు. నేను ఇంట్లో కూకున్నాను. నాకేటి జబ్బా అండీ?"

ఇంట్లో ఊరికే కూర్చుంటే భర్త ఎందుకని అడిగాడు. చెప్పింది. అతను ఆటో నడుపుతాడు. ఆ కార్ఖానా గడప మళ్లీ తొక్కొద్దన్నాడు. అక్కడ ఓనరు మిగతా ఆడవాళ్లతో, "కంప్లైంటు రాస్తే కూర్చోబెట్టి కూలి ఇస్తారంట, మీరూ రాసీయండి" అని నవ్వాడు. సత్తిబాబు యథాప్రకారం తలుపు మూసి తూస్తూనే ఉన్నాడు. అన్నిటికంటే ముఖ్యం, రత్నం పీట మీద ఇంకొకర్ని కూర్చోబెట్టారు. సీజను మధ్యలో పీట పోతే తిరిగి దొరకదు.

"నాకు సెలవొద్దండి. నా పీట నాకు కావాల" అంది.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మేం మంచి చేశాం, చట్టప్రకారం చేశాం. చూసినవాళ్లకి మాత్రం దోషి ఆమే అనిపించింది. కాపాడటం పేరుతో ఎవర్ని చోటు కదుపుతున్నామో చూసుకోవాలి. మా ఇంట్లో ఆ మూడో అమ్మాయి అన్నది ఇదే.

రాజీ

ఇక ఆ మంగళవారం. ఓనరు ముందే సిద్ధపడి వచ్చాడు. "మేడమ్ గారూ, చిన్న ఊరు. సత్తిబాబు అందరి ముందూ సారీ చెబుతాడు. రత్నం సీజనయ్యేదాకా సెలవులోనే ఉండొచ్చు. వచ్చే ఏడు చూద్దాం."

సత్తిబాబు చేతులు కట్టుకుని ఉన్నాడు. "ఆళ్లందరూ నాకు సెల్లెళ్ల లాంటోళ్లండి. తేమ తగుల్తాదని తలుపేత్తాను, అంతేనండి."

"సెల్లెళ్లయితే తలుపు తీసి తూయొచ్చు కదన్నా" అంది రత్నం. ఓనరు దగ్గాడు.

విచారణకి ముందు రాజీకి చట్టం ఒప్పుకుంటుంది, కానీ అడగాల్సింది ఆడమనిషి. వసుంధర గారు రత్నాన్ని అడిగారు. రత్నం నేలకేసి చూస్తూ, "పీట తిరిగి ఇత్తానంటే రాజీకొత్తానండి" అంది. ఓనరు తల అడ్డంగా ఊపాడు. అందర్నీ కాసేపు బయట కూర్చోమని మేం ముగ్గురం తలుపు వేసుకున్నాం.

హారిక అప్పటికే కుర్చీలో నిలవడం లేదు. "మేడమ్, అతను సారీ చెప్పి అదే కాటా ముందు కూర్చుంటే మనం కూర్చున్నది దేనికి? చుట్టుపక్కల ప్రతి మేస్త్రికీ సారీ రేటు తెలిసిపోతుంది."

"ఆమె అడిగింది ఇవ్వకుండా మనకి నచ్చిన న్యాయం చేస్తే అది ఎవరి న్యాయం, హారికా?" అన్నారు వసుంధర గారు. "ఆడపిల్లలకి ఏది మంచిదో సర్వీసంతా నేనే చెప్పాను. ఇప్పుడు చెప్పాలంటే భయం వేస్తోంది."

"పని పోతుందని భయపడే మనిషి కావాలన్నది, ఇష్టంగా కావాలన్నట్టా?"

"భయం ఉన్నవాళ్ల ఇష్టం ఇష్టం కాదంటే, ఇక వాళ్లకి ఏ ఇష్టం మిగులుతుంది చెప్పు?"

ఆ రెండు వాక్యాలూ నా డైరీలో పక్కపక్కనే ఉన్నాయి. ఏది ఒప్పో ఇవాళ్టికీ తేల్చుకోలేదు. ఇద్దరూ రత్నం పక్షమే, ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఇద్దరికీ కుదరడం లేదు. వాదన అంటే ఇది. అవతలి మనిషిని ఓడించే తొందర ఇద్దరిలోనూ లేదు.

రత్నాన్ని మళ్లీ పిలిచాం. పురుడు చూసి తిరిగొచ్చి కింద నిలబడ్డ ఎస్తేరమ్మని తోడుగా రానివ్వమంది. వసుంధర గారు సరేనన్నారు. ఎస్తేరమ్మ తడిసిన చీర కొంగు పిండుకుంటూ వచ్చి కూర్చుంది.

"సత్తిబాబుని పనిలోంచి తీసేయాలంటావా అమ్మా?" అని ఆవిణ్ణి అడిగింది హారిక.

"తీసీండి తల్లీ, నాకేటి బాధ. రేపు ఇంకోడొత్తాడు. ఆ గదలాగే ఉంటాది, తలుపలాగే ఉంటాది. ఆడికీ రెండు సేతులే ఉంటాయి."

"అయితే ఊరుకోమంటావా?"

"ఊరుకోమన్నానేటి? రెండూ సెయ్యండి."

రత్నం మధ్యలో అంది: "నేనొక్కర్తినీ రాజీ పడితే, కింద నిలబడ్డోళ్ల సంగతేటండి? ఆళ్లకీ జరిగింది. కాయితం మీద నా పేరొక్కటే ఉంది."

ఒక చిన్న రూలు

హారిక కుర్చీ రత్నం వైపు తిప్పుకుంది. తర్వాత, "కాటా గురించి మళ్లీ చెప్పు. తూచాక అతను ఏం చేస్తాడు?" అంది.

"గుండెంత, ముక్కెంత అని రాత్తాడండి. ఎవరి పని బాగుంది, ఎవరిది బానేదు అని ఓనరుకి సెప్తాడు. ఎవర్ని ఉంచాలో ఎవర్ని తీసీయాలో దాన్ని బట్టే."

హారిక రూల్సు పుస్తకం తీసి పేజీలు తిప్పడం మొదలుపెట్టింది. ఆ తిప్పడం చూసి నేను కుర్చీ ముందుకి లాక్కున్నాను. దొరికాక గట్టిగా చదివింది. విచారణ జరిగే కాలంలో, ఫిర్యాదు చేసిన స్త్రీ పనితీరు మీద ఆరోపణ ఉన్న వ్యక్తి నివేదిక ఇవ్వకుండా ఆపి, ఆ బాధ్యత ఇంకొకరికి అప్పగించమని కమిటీ చెప్పవచ్చు.

"ఇది ఆఫీసుల కోసం రాసింది. పై అధికారి కాన్ఫిడెన్షియల్ రిపోర్టు పాడు చేయకుండా" అన్నారు వసుంధర గారు.

"వీళ్ల కాన్ఫిడెన్షియల్ రిపోర్టు రాసేది కాటా మీదే కదా మేడమ్" అంది హారిక.

వసుంధర గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. నా వైపు చూశారు. నేను తల ఊపాను. రాసినవాళ్లు ఏసీ గదుల్లో గుమాస్తాలని తలుచుకుని రాసి ఉంటారు. ఆ వాక్యం జీడి బూడిద చేతులకీ సరిగ్గా సరిపోయింది. ఒక చట్టం కొత్త చోట నిలబడగలదని కళ్లారా చూసిన రోజు అది. ఇప్పుడు చెబుతున్నా నా గొంతు పెరుగుతోంది.

"కానీ ఇది రత్నం ఒక్కదానికే వర్తిస్తుంది" అన్నారు వసుంధర గారు. "ఫిర్యాదు ఆమెదే కాబట్టి."

"ఫిర్యాదు చేసిన ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది" అంది హారిక.

ఎస్తేరమ్మ అప్పటికే లేచింది. "అయితే నేను కిందికెల్లొత్తాను."

ఆవిడ మెట్లు దిగి సైకిల్ స్టాండు దగ్గర ఏం చెప్పిందో మాకు వినబడలేదు. కిటికీలోంచి గొడుగులు కదలడం కనబడింది. కొందరు గేటు వైపు వెళ్లిపోయారు. వాళ్లని నేను తప్పుపట్టను. రుజువు కాకపోతే మన మీదే కేసు పెడతారంట అని ఎవరో భయపెట్టారు. రుజువు కాకపోవడం వేరు, కావాలని అబద్ధం చెప్పడం వేరు అని నేను కిందికి దిగి చెప్పేలోపే వెళ్లిపోయారు. మిగతావాళ్లు పైకి వచ్చారు. ఒక్కొక్కర్నీ విడిగా కూర్చోబెట్టి, ఎవరి మాట వారి ఫిర్యాదుగా రాసుకున్నాం. ఫిర్యాదుకి ఉన్న మూడు నెలల గడువు దాటిన సంగతులకి ఆలస్యానికి కారణం రాసుకున్నాం. చీకటి పడే ముందు వసుంధర గారు ఓనరుని పిలిచి చెప్పారు: ఈ పేర్లున్నవాళ్ల పప్పు సత్తిబాబు తూయకూడదు. రత్నం సెలవు రద్దు, ఆమె పని ఆమెకివ్వాలి. తూకం అందరికీ కనబడే చోట జరగాలి.

"ఈళ్లది తూయకపోతే ఆడింక ఎవరిది తూత్తాడండి?" అన్నాడు ఓనరు.

"అది మీరే ఆలోచించుకోండి" అన్నారు వసుంధర గారు.

"వరండాలో పెడితే తేమ, మేడమ్."

"టార్పాలిన్ కట్టండి" అంది రత్నం.

మా ఇంటికి వచ్చిన అమ్మాయిలు ముందు అడిగేది విచారణ ఏమైందని. చెబుతాను. నెలలు పట్టింది. ఆరోపణలు రుజువయ్యాయని కమిటీ రాసింది, సత్తిబాబుని తీసేశారు. అతను ఇంకో ఊళ్లో ఇంకో కాటా దగ్గర చేరాడని విన్నాను. హారిక భయం నిజమే, ఎస్తేరమ్మ మాటా నిజమే. శిక్ష కావాలా, ఏర్పాటు మారాలా అని మీరు వాదించుకోండి. ఆ వాదన ఆపకండి. ఒకటే అడుగుతాను, వాదిస్తున్నంతసేపూ ఆ మనిషి పీట ఎక్కడుందో ఒక కన్ను వేసి ఉంచండి.

మర్నాడు పొద్దున్న

ఆ బుధవారం, తనిఖీ పేరు పెట్టుకుని కార్ఖానాకి వెళ్లాను. నిజానికి ఉండబట్టలేక వెళ్లాను.

వరండాకి నీలం టార్పాలిన్ కట్టి ఉంది. కాటా బయటికి వచ్చింది. ఓనరే స్వయంగా దాని ముందు కూర్చుని, పిక్కలు తూచి ఇస్తూ ఎవరి మొహం చూడటం లేదు. గేటు దగ్గర ఆటో ఆగింది. రత్నం దిగింది. భర్త హ్యాండిల్ వదలకుండా అన్నాడు: "సాయంత్రం వొత్తాను."

"రావక్కర్నేదు. అందరం కలిసొత్తాం."

"అయితే గేటు కాడే ఉంటాను."

"ఉండు. ఎస్తేరప్పని ఎక్కించుకెల్దువు" అని లోపలికి వచ్చింది.

ఆమె పీట మీద కొత్త మనిషి కూర్చుని ఉంది. ఇరవై దాటని పిల్ల, కొండ దిగువ ఊరిది. రత్నం పీట మీద కూర్చుందని వరసలో ఎవరూ ఆమెతో మాట్లాడేవారు కాదట. రత్నాన్ని చూసి కర్ర కింద పెట్టి లేవబోయింది. ఓనరు కాటా దగ్గరి నుంచే, "ఆ పిల్లని ఎల్లిపొమ్మనండి. ఇద్దరికి పిక్కలు నేవు" అన్నాడు. నేను నోరు తెరిచాను. ఏ రూల్లోనూ ఈ పిల్ల లేదు.

రత్నం ఆ పిల్ల భుజం నొక్కి కూర్చోబెట్టింది. "కూకోయే. నీ పేరేటి?"

పిల్ల ఏదో గొణిగింది.

"సేతులేటి ఇలా కాలిపోనాయి? బూడిద రాసుకోమని సెప్పనేదా ఎవరూ?"

వరసలో ఆడవాళ్లు ఒక్కొక్కరే కొంచెం కొంచెం జరిగారు. ఇంకో పీట పట్టింది. ఎస్తేరమ్మ తన కుప్పలోంచి రెండు దోసిళ్ల పిక్కలు తీసి ఆ పిల్ల ముందు పోసింది. పక్కావిడ పోసింది. ఆ పక్కావిడ, "నాయి సిన్నపిక్కలే, సూసుకో" అంటూ పోసింది. ఓనరు నా వైపు చూశాడు. నేను టార్పాలిన్ ముడి వైపు చూశాను.

రత్నం ఆ పిల్ల అరచేతులకి బూడిద రాసి, కర్ర ఆమె చేతికిచ్చి, తన కర్ర తీసుకుంది.